కొలత తప్పిన కర్మాగారము

కర్మాగారమున ప్రమాదము సంభవించిన మరునాడు మన దేశమున నడచు తంతు పాఠకులకు సుపరిచితమే. మంత్రులు వత్తురు. మృతుల కుటుంబములకు పరిహారము ప్రకటింపబడును. విచారణసంఘ మొకటి నియమింపబడును. ఆ సంఘము నివేదిక సమర్పించునాటికి ప్రజల దృష్టి వేఱొక దిక్కునకు మరలియుండును. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత వెంకటాపురమున స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. 2024 ఆగష్టు 21వ తేదీన అచ్యుతాపురములోని మందుల కర్మాగారమున 17 మంది మరణించిరి. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమున జరిగిన విస్ఫోటనమున పదులకొలది కార్మికులు బలియైరి. వీని కారణములు వేఱువేఱు. ఐనను ఈ వార్తలు చదివిన ప్రతివాని మనస్సునను ఒక ప్రశ్న పుట్టక మానదు: గొట్టములలోను తొట్లలోను ఏమి జరుగుచున్నదో అచ్చట పనిచేయువారికి సరిగా తెలియుచున్నదా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పునవి మనుష్యుల కన్నులు కావు. ఇనుపగొట్టములోని ద్రవమును కంటితో జూడ శక్యము గాదు. ఎంత ద్రవము, ఎంత ఆవిరి, ఎంత వాయువు పోవుచున్నదో చెప్పవలసినది ప్రవాహమాపకము, అనగా ఫ్లోమీటరు. ఆ మాట విని, అవసరమునుబట్టి దారిని తెరచునది, మూయునది కంట్రోలువాల్వు. ఆ వాల్వును నడపు శక్తి నేటికిని పెక్కు కర్మాగారములలో సంపీడిత వాయువే. ఈ చిన్నపరికరములను సురక్షితముగ నడపుట, వేళకు బాగుచేయుట అనునది కేవలము మెకానిక్కుల విషయమని తలచుట పొరబాటు. అది కర్మాగారము గోడకావలి గ్రామము యొక్క ప్రాణసమస్య. అందుచే దీనిని ప్రజలముందు కొంత వివరముగ నుంచ దలచితిమి.

కొలబద్ద విలువ

గోదావరి లంకలలోని రైతునకు కొలబద్ద యననేమో వేఱుగ బోధింప నక్కరలేదు. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఎగురవేయుదురు. పశువులను తోలుకొని గట్టెక్కుట, ధాన్యమును మేడపైకెక్కించుట, పడవకై కబురంపుట, ఇవియన్నియు ఆ అంకెనుబట్టియే జరుగును. ఆ కొలబద్ద రెండడుగులు తక్కువ చూపినయెడల ఏమగునో ఊహింపుడు. నది చేయు హానికన్న ముందుగా కొలబద్దయే హాని చేసినదగును. ఏలయన, కొలబద్ద లేనిచోట జనులు భయముతోనైన మేల్కొనియుందురు. తప్పుకొలబద్ద యున్నచోట నిర్భయముగ నిద్రింతురు.

కర్మాగారములోని ప్రవాహమాపకము పనిచేయు విధమును గూడ కాలువగట్టున నిలిచి గ్రహింపవచ్చును. వంతెన ఖానాలు ఇఱుకైనచోట ఎగువ నీరు ఎత్తుగను, దిగువ నీరు పల్లముగను ఉండును. ప్రవాహము హెచ్చినకొలది ఆ వ్యత్యాసము హెచ్చును. అట్లే గొట్టమునకు అడ్డముగ నడుమ రంధ్రముగల పలుచని రేకు నొకదానిని బిగింతురు. దానికి ఆరిఫీసు ప్లేటని పేరు. దానికి ముందును వెనుకను ఉన్న ఒత్తిడుల భేదమును రెండు సన్నగొట్టములు ట్రాన్స్‌మిటరునకు చేర్చును. అందులో నొక సూక్ష్మమైన నాజిలు, దాని యెదుట నొక పలుచని రేకు ఉండును. రేకు నాజిలునకు దగ్గరయైనకొలది గాలి బయటపడుటకు వీలులేక వెనుక ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడియే సంకేతము. అది సన్నని రాగిగొట్టముగుండ పోయి ముల్లును కదలించును, వాల్వును నడపును.

ఈ సంకేతమునకు లోకమంతటను ఒప్పుకొనబడిన హద్దులు గలవు. చదరపు అంగుళమునకు 3 పౌనులు శూన్యప్రవాహమునకు గుర్తు. 15 పౌనులు పూర్ణప్రవాహమునకు గుర్తు. మన కర్మాగారములలో దీనినే చదరపు సెంటీమీటరునకు 0.2 మొదలు 1.0 కిలోగ్రాము అందురు. శూన్యమును 0తో గాక 3తో ఆరంభించుట యందొక వివేకమున్నది. గొట్టములో ప్రవాహము లేనప్పుడు సంకేతము 3 వద్ద నిలుచును. గాలియే ఆగిపోయినప్పుడు, లేక రాగిగొట్టము తెగిపోయినప్పుడు, అది 0కు పడిపోవును. ఏమియు ప్రవహించుట లేదను మాటకును, నేను పలుకలేకున్నానను మాటకును గల భేదమిది. ఈ భేదమును గుర్తింపనేర్చినవాడే బల్లముందు కూర్చుండ నర్హుడు.

మరియొక సూక్ష్మము గలదు. ఒత్తిడిభేదము ప్రవాహముయొక్క వర్గము ననుసరించి మారును. ప్రవాహము సగమైనప్పుడు భేదము నాల్గవవంతగును. సంకేతము 9 పౌనులు గాక 6 పౌనులే యుండును. ప్రవాహము పదవవంతైనప్పుడు భేదము నూఱవవంతు మాత్రమే. అందుచే కర్మాగారమును క్రొత్తగ ఆరంభించునప్పుడును, ఆపునప్పుడును, అనగా ప్రవాహము స్వల్పముగ నున్న వేళలందు, ఈ మాపకము మాటను పూర్తిగ నమ్మరాదు. ఆరంభించునప్పుడును ఆపునప్పుడును అపాయము హెచ్చుగ నుండుట ఈ విద్య నెఱిగినవారందరికి తెలిసినదే. కొలత దుర్బలమైన వేళయు, అపాయము ప్రబలమైన వేళయు ఒక్కటియే యగుచున్నది.

గాలిని నమ్ముటకు కారణము

ఈ విద్యుత్కాలమున గాలితో నడచు పరికరము లేల యని కొందరడుగవచ్చును. కొలుచు పనిని విద్యుత్పరికరములు చాలవఱకు స్వీకరించిన మాట నిజము. ఐనను వాల్వును త్రిప్పు చేయి నేటికిని అధికముగ గాలిదే. పెట్రోలు శుద్ధిచేయుచోట, ద్రావకములతో మందులు చేయుచోట, ఒక్క విద్యుత్కణము చాలును ఊరంతయు మండుటకు. గాలి నిప్పురవ్వను పుట్టింపదు. డయాఫ్రముపై 15 పౌనుల ఒత్తిడి మాత్రమే యున్నను, దాని వైశాల్యము నూఱు చదరపు అంగుళములైనచో 1500 పౌనుల బలము సిద్ధించును. గాలి ఆగిపోయినచో లోని స్ప్రింగు వాల్వును ముందుగా నిశ్చయించిన స్థితికి చేర్చును. ఇంతటి సులభమైన రక్షణ మరియొకటి లేదు.

ఐతే ఆ స్థితిని నిశ్చయించుటలోనే వివేక మున్నది. కొలిమికి ఇంధనము పంపు వాల్వు గాలి ఆగినప్పుడు మూసికొనవలెను. వేడెక్కు పాత్రకు చల్లనినీరు పంపు వాల్వు గాలి ఆగినప్పుడు తెరచుకొనవలెను. పాడైన వాల్వు స్థానమున స్టోరులో దొరకిన మరియొక దానిని బిగించునప్పుడు, కొలత సరిపోయినది గదా యని ఈ భేదమును చూడనివాడు, రక్షణకై పెట్టిన స్ప్రింగునే శత్రువుగ మార్చినవాడగును. ఆ తప్పు సంవత్సరములపాటు కనబడకయుండి, గాలి ఆగిన ఒక్క రాత్రి బయటపడును.

గాలిలో నీరు

నాజిలు రంధ్రము మిల్లీమీటరులో కొద్దిపాలు మాత్రమే. అందులో నూనెచుక్కగాని, నీటిచుక్కగాని, త్రుప్పురజనుగాని చేరినయెడల రేకు నిజము చెప్పినను సంకేతము అబద్ధమాడును. కావుననే పరికరముల గాలికి కఠినమైన నియమములు గలవు. అమెరికాలోని పరికరవిద్యావేత్తల సంఘము 1996లో ప్రకటించిన ప్రమాణము ననుసరించి, ఆ గాలిలోని ధూళికణము 40 మైక్రానులకు మించరాదు. నూనె పదిలక్షల పాళ్లలో ఒక పాలునకు మించరాదు. గాలిలోని తేమ నీరుగా మారు ఉష్ణోగ్రత, ఆ ప్రదేశమున గలుగు కనిష్ఠ ఉష్ణోగ్రతకన్న కనీసము 10 డిగ్రీలు తక్కువగ నుండవలెను. విశాఖ, కాకినాడవంటి సముద్రతీరములందు, వర్షకాలమున, గాలియే తడిగుడ్డవలె నుండును. అట్టిచోట డ్రయ్యరును నిర్లక్ష్యము చేయుట బుద్ధిపూర్వకముగ గొట్టములలో నీరు పోసికొనుటయే.

ఇది అతిశయోక్తి కాదు. 1979 మార్చి 28వ తేదీ వేకువ 4 గంటలకు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి త్రీమైల్ ఐలండు అణువిద్యుత్కేంద్రమున జరిగిన ఘోరప్రమాదమునకు నాంది యెచ్చట? అణువులలో కాదు. నీటిని శుద్ధిచేయు తొట్లలో అడ్డుపడిన రెసినును తొలగించుటకు కార్మికులు యత్నించుచుండగా, పరికరముల గాలిగొట్టములోనికి నీరు ప్రవేశించినదనియు, అందుచే వాల్వులు మూసికొని నీటిపంపులు ఆగినవనియు విచారణలో అభిప్రాయపడిరి. పిమ్మట తెరచుకొన్న యొక రిలీఫువాల్వు తిరిగి మూసికొనలేదు. బల్లపైనున్న దీపము మాత్రము వాల్వు మూయబడినట్లు సూచించెను. ఏలయన అది తెలుపునది వాల్వు స్థితినిగాదు, వాల్వునకు పంపిన ఆజ్ఞను మాత్రమే. ఆజ్ఞ పంపితిమి గాన అది నెరవేరినదని నమ్మిరి. కేంద్రములోని ఇంధనము దాదాపు సగము కరిగిపోయెను.

అధ్యక్షుడు కార్టరు నియమించిన కెమెనీ సంఘము చెప్పిన మాట యొకటి మన యజమానులు గోడపై వ్రాసికొనదగినది. గాలిగొట్టములోనికి నీరు చేరుట అచ్చట అదియే మొదటిసారి కాదు. అంతకుముందును కనీసము రెండుసార్లు జరిగినది. ఆ చిన్నలోపమును అప్పుడే సవరించియుండినయెడల ఆనాటి ప్రమాదక్రమము ఆరంభమే కాకపోయి యుండవచ్చునని వారి భావము. అల్పమైన మరమ్మతు నొకదానిని రెండుసార్లు ఉపేక్షించినందుకు ఒక మహాదేశము తన అణుపరిశ్రమ విశ్వాసమునే పోగొట్టుకొన్నది.

అబద్ధము ఏ దిక్కునకు?

మాపకము తప్పుచూపునని చెప్పినంత చాలదు. ఏ దిక్కునకు తప్పుచూపునో తెలియవలెను. ఆరిఫీసు రేకు అంచు పదునుగ నుండవలెను. ఇసుకచేతనో త్రుప్పుచేతనో ఆ అంచు అరిగి గుండ్రమైనచో మాపకము ఉన్నదానికన్న తక్కువ చూపును. రేకును వెనుకముందుగ బిగించినను అంతే. ఎగువ సన్నగొట్టము కారిపోవుచున్నచో తక్కువ చూపును. దిగువగొట్టము కారుచున్నచో ఎక్కువ చూపును. తక్కువ చూపినప్పుడు యంత్రము వాల్వును ఇంకను తెరచును, పాత్ర పొంగును. ఎక్కువ చూపినప్పుడు వాల్వును మూయును. కొలిమిలోని గొట్టములకు చాలినంత ద్రవమందక అవి కాలి పగులును. మనుష్యుడు నడపునప్పుడు అనుమానించి ఆగును. యంత్రము అనుమానింపదు. అబద్ధపు సాక్ష్యమును విని వెంటనే తీర్పు అమలుచేయును.

మెకానిక్కు చేతిలో జరుగు పొరబాటు లిట్టివే. ట్రాన్స్‌మిటరునకు మూడు చిన్న వాల్వులు గలవు: ఎగువదొకటి, దిగువదొకటి, రెంటిని కలుపు సమీకరణవాల్వొకటి. శూన్యమును సరిచూచుటకు సమీకరణవాల్వును తెరతురు. పని ముగించి దానిని మూయ మఱచినయెడల, రెండువైపుల ఒత్తిడియు సమమై మాపకము ప్రవాహము లేదని చూపును. వెంటనే కంట్రోలువాల్వు పూర్తిగా తెరచుకొనును. ఒక్క పిడిని త్రిప్ప మఱచుటచే టన్నులకొలది ద్రవము పొంగిపొరలును. అందువలన మాపకమును ముట్టుటకు ముందు మూడు పనులు తప్పక జరుగవలెను. కంట్రోలుగదిలోనివారికి తెలుపవలెను, యంత్రనియంత్రణమును చేతినియంత్రణమునకు మార్చవలెను, వ్రాతపూర్వకమైన పర్మిటు తీసికొనవలెను. పని ముగిసిన తరువాత, చేసినవాడుగాక మరియొకడు వచ్చి ప్రతి పిడిని సరిచూచి సంతకము చేయవలెను. ఇందులో ఖర్చు లేదు. కావలసినది అలవాటు మాత్రమే.

వాల్వు మాట, ప్రవాహము మాట

1994 జూలై 24వ తేదీన వేల్సు దేశమందలి మిల్ఫర్డ్ హేవెన్ పెట్రోలు శుద్ధికర్మాగారమున ఉదయము పిడుగువానచే పనులకు అంతరాయము కలిగెను. తిరిగి సర్దుకొనుచుండగా ఒక పాత్రనుండి ద్రవము పోవు కంట్రోలువాల్వు మూసికొనిపోయి కదలకుండెను. బల్లపై నది తెరచియున్నట్లు కనబడెను. ద్రవము పోవుటకు దారిలేక పైకెక్కి, పొంగి, మంటగొట్టము మార్గమున పడి, అచ్చటి పెద్దగొట్టమును చీల్చెను. దాదాపు 20 టన్నుల ఇంధనము వెలువడి ప్రేలినది. ఆ దినము ఆదివార మగుటచే 26 మంది గాయములతో బయటపడిరి. ప్రేలుడునకు ముందు పదునొకండు నిమిషములలో అచ్చటి ఇరువురు ఆపరేటర్లముందు 275 అపాయసూచనలు మ్రోగెను. క్షణమున కొక గంట మ్రోగుచోట ఏ గంటను విందురు? అందరు ఒక్కసారి అరచినయెడల ఎవరును హెచ్చరించినట్లు కాదు.

2005 మార్చి 23వ తేదీన అమెరికాలో టెక్సాస్ సిటీ శుద్ధికర్మాగారమున 15 మంది మరణించిరి, 180 మంది గాయపడిరి. 170 అడుగుల స్తంభములోనికి గంటలతరబడి ద్రవము పోయుచుండిరి. బయటకు పోనిచ్చుట లేదు. లోపల ద్రవము 158 అడుగుల ఎత్తునకు చేరినను, సరిగ సరిచేయని మట్టపుపరికరము అది పది అడుగులలోపుననే యుండి క్రమముగ తగ్గుచున్నట్లు చూపుచుండెను. లోనికి వచ్చు ప్రవాహము ఒక తెరపైనను, బయటకు పోవు ప్రవాహము మరియొక తెరపైనను ఉండుటచే రెంటిని కలిపి చూచినవారు లేరు.

ఈ రెండు ఉదంతములు చెప్పు పాఠ మొక్కటియే. గాదెలో ఎన్ని పుట్లు పోసితిమి, ఎన్ని పుట్లు తీసితిమి అని లెక్క వ్రాసికొను రైతు, గాదెలోనికి తొంగిచూడకయే మిగిలినది చెప్పగలడు. అట్లే వచ్చినది, పోయినది, నిలువ యున్నది అను మూడు లెక్కలు ఒకదానినొకటి సరిచూచుచుండినచో, ఏ పరికరము అబద్ధమాడినను వెంటనే పట్టుబడును. ఒకే సాక్షి మాటపై ప్రాణములను పణముగ నొడ్డరాదు.

బాగుచేయువాని బ్రదుకు

ఇంతవఱకు చెప్పినది ఊరి క్షేమము. బాగుచేయువాని క్షేమమునుగూర్చియు చెప్పవలెను. వాని పేరు పత్రికలలో రాదు. డయాఫ్రము పెట్టెలో అణగియున్న స్ప్రింగు బోల్టులు విప్పగనే మూతను తుపాకిగుండువలె ఎగురగొట్టును. గాలి మూసితిమని తలచి వాల్వులో చేయిపెట్టినప్పుడు, వేఱొకడు గాలి వదలినచో వ్రేళ్లు తెగును. అందుకే గాలిదారిని మూసి, తాళము వేసి, తాళపుచెవిని పనిచేయువాడే జేబులో నుంచుకొనవలెను. ఆమ్లజనిగొట్టముపై బిగించు మాపకమునకు నూనెచేయి తగులరాదు. నూనెయు ఆమ్లజనియు కలసినచో నిప్పు రాజుకొనును. దుమ్ము దులుపుకొనుటకు సంపీడితవాయువును ఒడలిపై వదలుకొను దురలవాటు ప్రాణాంతకము.

అన్నిటికన్న దొంగశత్రువు నత్రజని. కంప్రెసరు ఆగినప్పుడు గాలికి బదులుగ నత్రజనిని గొట్టములలోనికి వదలుట పలుచోట్ల వాడుక. ఈ పరికరములు సహజముగ కొంతగాలిని సదా వెలిగ్రక్కుచుండును. గాలి యైనప్పుడు భయములేదు. నత్రజని యైనప్పుడు మూసియున్న గదిలోని ఆమ్లజని తగ్గిపోవును. దానికి రంగులేదు, వాసనలేదు. మనుష్యుడు ఊపిరాడుట లేదని గ్రహించులోపలనే కూలును. అమెరికాలో 1992 మొదలు 2002 వఱకు పరిశ్రమలలో నత్రజనివలన 80 మంది మరణించినట్లు అచ్చటి రసాయన ప్రమాదవిచారణ మండలి లెక్కించినది. నత్రజని వదలునప్పుడు గదితలుపులపై హెచ్చరిక కట్టుట, ఆమ్లజనిని కొలుచు పరికరము నుంచుట, ఒంటరిగ నెవ్వరిని లోనికి పంపకుండుట, ఇవి యజమానుని కనీసధర్మములు.

నమ్మకము చెడిన పరికరము

మన దేశమునకు ఈ పాఠములు విదేశములనుండి రానక్కరలేదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో విషద్రవపు తొట్టిలో ఒత్తిడి పెరుగుచున్నట్లు పరికరము చూపెను. అచ్చటి పరికరములు తరచు తప్పుచూపునవే యను అలవాటుచే తొలుత దానిని లక్ష్యపెట్టలేదు. చల్లార్చుయంత్రము అంతకు ముందే ఆపబడియుండెను. వేలకొలది ప్రజలు ప్రాణములు కోల్పోయిరి. తప్పుచూపు పరికరమువలన కలుగు పరమానర్థమిదియే: అది నిజము చెప్పిన దినమునను ఎవ్వరు నమ్మరు.

ముప్పదియైదేండ్లు దాటిన పిమ్మట విశాఖలో జరిగినదేమి? స్టైరీను తొట్టిలో ఉష్ణోగ్రతను అడుగుభాగమున మాత్రమే కొలుచుచుండిరనియు, పైభాగమున వేడి పెరుగుట ఎవ్వరికిని తెలియలేదనియు రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికారసంఘము తేల్చినది. కొలబద్ద యున్నది, ఉండవలసినచోట లేదు. ఊరివారిని మేల్కొలుపవలసిన సైరనులు మ్రోగలేదు. నిద్రలో నున్న జనులకు తెలిసినదెల్ల కంటిమంట, ఊపిరాడమి మాత్రమే.

భోపాలు పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, అపాయకరమైన పరిశ్రమలలో కార్మికులతోగూడిన రక్షణసంఘములను, అపాయము సమీపించినదని తోచినప్పుడు యజమానుని హెచ్చరించు హక్కును కల్పించిరి. 2020లో పార్లమెంటు 13 చట్టములను కలిపి వృత్తిరక్షణ సంహితను ఆమోదించినది. చట్టమునకు కొదువలేదు. కాని ఒప్పందపుకూలీగా నేడువచ్చి రేపుపోవు యువకుడు, మాపకము తప్పుచూపుచున్నదని ఎవరితో చెప్పును? చెప్పిన మరునాడు వాని గేటుపాసు నిలుచునను భరోసా యేది? ఉత్పత్తి తగ్గిన దినమున యజమానునకు వెంటనే తెలియును. డ్రయ్యరులోని ఒట్టించుపొడి పాతబడిన సంగతి లెక్కలపుస్తకములో కనబడదు. అందుచే కష్టకాలమున మొదట కోతపడునది మరమ్మతు ఖర్చే.

స్వదేశీ కొలమానము

ఇందు మరియొక జాతీయవిషయమును గూడ గమనింపవలెను. స్వాతంత్ర్యానంతరము మన నాయకులు ఉక్కు, విద్యుత్తులతోపాటు కొలతపరికరములును స్వదేశమున కావలెనని తలచి, 1964లో రాజస్థానములోని కోటాలో ఇన్‌స్ట్రుమెంటేషన్ లిమిటెడ్‌ను స్థాపించిరి. కేరళలోని పాలక్కాడున దాని శాఖ కంట్రోలువాల్వులను తయారుచేసినది. కోటా కర్మాగారమును మూయుటకు 2016లో కేంద్రమంత్రివర్గము నిర్ణయించినది. నష్టములో నున్న సంస్థను ఎంతకాలము పోషింపవలెనను ప్రశ్నకు అర్థమున్నది. కాని పరికరమును కొనుట వేఱు, దానిని విప్పి బాగుచేయు విద్య వేఱు. విద్య పోయిన తరువాత డబ్బిచ్చినను వెంటనే దొరకదు. పాలక్కాడుననే 1987లో నెలకొల్పబడిన ప్రవాహనియంత్రణ పరిశోధనసంస్థ మాపకములను ప్రమాణముతో సరిచూచి ధ్రువపత్రమిచ్చుచున్నది. పలురాష్ట్రముల పరిశ్రమలకు అదియొక్కటి యెట్లు చాలును? విశాఖ, కాకినాడ, హైదరాబాదు పారిశ్రామికప్రాంతములకు అట్టి సరిచూచు కేంద్రములు సమీపమున నుండుట అవసరము. ఐటీఐలలో ఇన్‌స్ట్రుమెంటు మెకానిక్కు శిక్షణ పొందు మన యువకులకు నల్లబల్లపై బొమ్మలు గాక, నిజమైన వాల్వులు, నిజమైన ట్రాన్స్‌మిటరులు చేతి కందవలెను.

కాగా మేము కోరునది దుస్సాధ్యమైనది కాదు. ప్రతి అపాయకర కర్మాగారమును తన మాపకములలో ఏవి ప్రాణరక్షణకు సంబంధించినవో ముందు పట్టిక వ్రాయవలెను. వానిని ఎన్నినాళ్లకొకసారి సరిచూతురో, కడపటిసారి ఎప్పుడు సరిచూచిరో, ఎంత తప్పు కనబడెనో ఆ పట్టికలో నుండవలెను. పరికరముల గాలిలోని తేమను ప్రతిదినము వ్రాయవలెను. గాలి ఆగినప్పుడు ప్రతి వాల్వు ఏ స్థితికి పోవలెనో, నిజముగ అట్లు పోవుచున్నదో, సంవత్సరమున కొకసారియైన పరీక్షింపవలెను. ఈ పట్టికను తనిఖీ అధికారి చూచినంత చాలదు. కార్మికుల రక్షణసంఘమునకును, ప్రక్క గ్రామముల పంచాయతీలకును దాని సారాంశము అందవలెను. వరదమట్టమును లంకగ్రామములకు చెప్పుట ప్రభుత్వధర్మమైనప్పుడు, గొట్టములోని ప్రమాదమట్టమును గోడప్రక్క గ్రామమునకు చెప్పకుండుటకు న్యాయమేమి?

పరిశ్రమలు వలదని మేమనము. మన యువకులకు ఉద్యోగములు కావలెను. మన పొలములకు ఎఱువులు, మన రోగులకు మందులు కావలెను. భూములిచ్చిన రైతులును, పొరుగున కాపురమున్న పట్టణవాసులును పరిశ్రమను కోరియే యిచ్చిరి, ఓర్చుకొనిరి. దానికి బదులుగ వారడుగునది అల్పము. లోపల ఏమి జరుగుచున్నదో లోపలివారికైనను సరిగా తెలియవలెను. రాతిరి షిప్టులో ముల్లును చూచి కూర్చున్న యువకుడు ఆ ముల్లును నమ్మగలుగవలెను. నమ్మలేనప్పుడు, నిర్భయముగ యంత్రము నాపగలుగవలెను. ఈ రెండును సమకూరనంతవఱకు, మరునాటి పరిహారపు ప్రకటనలు ఎంత ఘనముగ నున్నను, అవి ముందుగా చేయవలసిన మరమ్మతునకు ఆలస్యముగ చెల్లించు వెలయే యగును. ఆ వెలను చెల్లించుచున్నది మరమ్మతును మానుకొన్నవారు కాదు.